మ్యాపులు గీసి చదవడం, ఆలోచించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో సాయంత్రాలు డిగ్రీ పిల్లలకి, పోటీ పరీక్షలకి చదివేవాళ్ళకి, అప్పుడప్పుడూ బీఈడీ చేస్తున్నవాళ్ళకి కాగితం మీద మ్యాపు గీసి ఆలోచించడం నేర్పిస్తుంటాను. ఏ బ్యాచ్ వచ్చినా ప్రశ్నలు దాదాపు అవే. ప్రతిసారీ వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా జవాబు పెట్టడం కంటే అన్నీ ఒకచోట రాస్తే మేలనిపించింది. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి. కానీ గీతల మీద మాటలు రాయడం గురించిన ప్రశ్న మాత్రం వదిలేయకండి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

మ్యాపు అంటే ఊళ్ళు, నదులు ఉండేదే కదా? చదువుకి మ్యాపు ఏమిటి?

రేణిగుంట స్టేషన్‌ని ఒకసారి తలచుకోండి. అక్కణ్ణించి ఒక లైను గూడూరుకి పోతుంది, ఒకటి కడప మీదుగా గుంతకల్లుకి, ఒకటి అరక్కోణం మీదుగా చెన్నైకి, ఇంకొకటి తిరుపతి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి. పాకాలలో మళ్ళీ ధర్మవరం లైను విడిపోతుంది. ఇక్కడ రైళ్ళలో తిరిగేవాళ్ళందరికీ ఇది నోటికి వచ్చు. ఎన్ని కిలోమీటర్లో, ఏ స్టేషను ఏ దిక్కున ఉందో అడిగితే చాలామంది తడుముకుంటారు, అయినా దారి తప్పరు, ఎందుకంటే ఏది దేనితో ఎక్కడ కలుస్తుందో వాళ్ళకి తెలుసు. 1933లో లండన్ భూగర్భ రైళ్ళ కోసం అచ్చయిన హ్యారీ బెక్ మ్యాపు కూడా ఇదే పద్ధతి. అసలు దూరాలు వదిలేశాడు, వంకర దార్లని తిన్నగా గీశాడు, స్టేషన్ల వరసనీ లైన్లు కలిసే చోట్లనీ మాత్రం సరిగ్గా ఉంచాడు.

చదువు కోసం గీసే మ్యాపులో స్టేషన్ల చోట విషయాలుంటాయి, పట్టాల చోట వాటి మధ్య సంబంధాలుంటాయి. పుస్తకం ఒక పేజీ తర్వాత ఒక పేజీగానే నడవాలి, దానికి వేరే దారి లేదు. కానీ మూడో పాఠంలో విషయం పదకొండో పాఠంలో విషయానికి కారణమైతే ఆ రెండూ పక్కపక్కన కనిపించే చోటు పుస్తకంలో ఉండదు, మీరు గీసే కాగితం మీదే ఉంటుంది.

మైండ్ మ్యాప్, కాన్సెప్ట్ మ్యాప్ రెండూ ఒకటేనా?

కాదు. చాలామంది రెండు పేర్లూ కలిపి వాడేస్తారు, నేను కూడా మొదట్లో అలాగే వాడాను.

మైండ్ మ్యాప్‌లో మధ్యలో ఒక మాటో బొమ్మో ఉంటుంది, దాని నుంచి చుట్టూ కొమ్మలు, కొమ్మలకి రెమ్మలు. ఒక్కో కొమ్మ మీద ఒక్క మాటే. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది ఇంగ్లండుకి చెందిన టోనీ బుజాన్, 1974లో బీబీసీ టీవీ కార్యక్రమంతో. బుర్రలో ఉన్నదంతా త్వరగా బయట పెట్టుకోవడానికి ఇది బాగుంటుంది. పెళ్ళి పనులు, వ్యాసానికి పాయింట్లు, సెమినార్‌లో ఏం మాట్లాడాలి, ఇలాంటి వాటికి.

కాన్సెప్ట్ మ్యాప్ వేరే దారిలో పుట్టింది. అమెరికాలో కోర్నెల్ యూనివర్సిటీలో జోసెఫ్ నోవాక్ బృందం పిల్లలకి సైన్సు ఎలా అర్థమవుతుందో ఏళ్ళ తరబడి గమనించింది. పిల్లలతో చేసిన ఇంటర్వ్యూలు గుట్టలుగా పేరుకుపోయాయి. ఒక పిల్లవాడి అవగాహన రెండేళ్ళ కిందట ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని పోల్చడానికి ఆ కాగితాలన్నీ చదివి లాభం లేకపోయింది. అప్పుడు, 1972లో, పిల్లవాడు చెప్పిన విషయాలని పెట్టెల్లో పెట్టి, మధ్య గీతలు గీసి, ప్రతి గీత మీదా సంబంధం ఏమిటో రాయడం మొదలుపెట్టారు. దీని వెనక ఉన్నది మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ఆసుబెల్ సిద్ధాంతం: కొత్త విషయం బుర్రలో నిలవాలంటే అప్పటికే తెలిసిన దేనికో ఒకదానికి తగులుకోవాలి. ఇందులో ఒక పెట్టెకి ఎన్ని వైపుల నుంచైనా గీతలు రావచ్చు, ఒక మూలది ఇంకో మూలకి వెళ్ళి కలవచ్చు. మైండ్ మ్యాప్‌లో మామూలుగా అది జరగదు, కొమ్మ కొమ్మే.

నన్నడిగితే గుర్తు తెచ్చుకోవడానికి, పోగేయడానికి మొదటిది, అర్థం చేసుకోవడానికి రెండోది. ఇక్కడ నుంచి నేను ఎక్కువగా మాట్లాడేది రెండోదాని గురించే.

ఇదంతా బయటి దేశాల నుంచి వచ్చిందేనా? మన దగ్గర ఇలాంటివి లేవా?

కాన్సెప్ట్ మ్యాప్ అనే పద్ధతి పైన చెప్పినట్టు నోవాక్‌దే, దాన్ని మనదని చెప్పుకోనక్కర్లేదు. కానీ జ్ఞానాన్ని బొమ్మగా అమర్చుకోవడం ఏ ఒక్క దేశం సొత్తూ కాదు. మూడో శతాబ్దంలో పోర్ఫిరీ అనే తత్వవేత్త చేసిన వర్గీకరణని తర్వాతివాళ్ళు చెట్టుగా గీసుకుని చదివారు. మన ఇళ్ళలో వంశవృక్షం కూడా అలాంటిదే.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ శ్రీకాళహస్తి కలంకారీ. పెద్ద గుడ్డ మీద మధ్యలో ముఖ్యమైన ఘట్టం పెద్దగా ఉంటుంది, చుట్టూ వరసలు వరసలుగా చిన్న గళ్ళలో కథంతా నడుస్తుంది, బొమ్మల దగ్గర తెలుగులో రాత ఉంటుంది. రామాయణం తెలిసినవాళ్ళు దాని ముందు నిలబడి కథ మొత్తం చెప్పగలరు, మధ్యలో ఎక్కణ్ణించి మొదలుపెట్టమన్నా మొదలుపెట్టగలరు. రంగులకి కూడా ఒక కట్టుబాటు ఉంది. దేవుళ్ళకి నీలం, రాక్షసులకి ఎరుపు, ఆకుపచ్చ, స్త్రీలకి పసుపు. చూడగానే ఎవరు ఏ పక్షమో తెలిసిపోతుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలకి వీలైతే ఒకసారి కాళహస్తి వెళ్ళి చూడమని చెప్తాను.

ఇక ముగ్గు. చుక్కలు ముందు పెడతాం, గీత తర్వాత. అవే చుక్కలతో నలుగురు నాలుగు ముగ్గులు వేయగలరు. ఈ మాట తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

గీతల మీద మాటలు రాయాల్సిందేనా? బాణం గుర్తు సరిపోదా?

సరిపోదు. ఇది నేను ఎవరితోనైనా గట్టిగా పట్టుబట్టే ఒకే ఒక్క విషయం.

ఒకసారి డిగ్రీ పిల్లలకి తిరుమల శిలాతోరణం గురించి మ్యాపు గీయమన్నాను. అందరూ చూసిన చోటే, కాని అక్కడ రాళ్ళలో ఉన్న కథ చాలామంది పట్టించుకోరు. తిరుమల కొండల్లో కింద చాలా పురాతనమైన గ్రానైట్ ఉంది, దాని మీద ఎంతో కాలం తర్వాత ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. ఈ రెండిటి మధ్య చాలా పెద్ద కాలం ఏ పొరా మిగల్లేదు, ఉన్న రాయి అరిగిపోతూ వచ్చింది. ఘాట్ రోడ్డు పక్కన కొండ కోసిన చోట ఆ సరిహద్దు కంటికి కనిపిస్తుంది. జియాలజీ వాళ్ళు దాన్ని ఎపార్కియన్ విషమ విన్యాసం అంటారు. శిలాతోరణం ఆ పైనున్న క్వార్ట్‌జైట్‌లో గాలీ నీరూ కోసిన తోరణం.

పిల్లలందరి కాగితాల మీదా పెట్టెలు ఒకటే: గ్రానైట్, క్వార్ట్‌జైట్, ఇసుక, కోత, కాల విరామం, శిలాతోరణం. గ్రానైట్‌కీ క్వార్ట్‌జైట్‌కీ మధ్య గీత కూడా అందరూ గీశారు. చూస్తే అందరికీ అర్థమైనట్టే ఉంది. అప్పుడు ఆ ఒక్క గీత మీద ఏం రాస్తారని అడిగాను. ఒకరు "కంటే పాతది" అన్నారు. ఒకరు "కింద ఉంది" అన్నారు. ఒక అమ్మాయి "గా మారింది" అంది. ఇంకో అబ్బాయి కాసేపు ఆలోచించి "ఏదో సంబంధం ఉంది కదక్కా" అన్నాడు.

మొదటి రెండూ సరైనవే. మూడోది తప్పు, గ్రానైట్ క్వార్ట్‌జైట్‌గా మారదు, ఇసుకరాయి మారుతుంది. ఆ అమ్మాయి చురుకైనది, మార్కులు బాగా వస్తాయి, ఆ తప్పు ఆమె బుర్రలో ఎన్నాళ్ళ నుంచి ఉందో ఆమెకే తెలీదు. ఖాళీ గీత ఉన్నంతసేపూ అది బయటపడలేదు. నాలుగో అబ్బాయికి తెలీదని అతనికే అప్పుడు తెలిసింది, నా ఉద్దేశంలో అది చాలా పెద్ద లాభం. ముగ్గు సంగతి ఇందుకే చెప్పాను. చుక్కలు అందరివీ ఒకటే, గీత ఎలా తిరిగిందన్నదే ఎవరికి ఏం తెలుసో చెప్తుంది.

కాబట్టి గీత గీశాక దాని మీద మాట దొరక్కపోతే అక్కడ ఒక ప్రశ్నార్థకం పెట్టండి. చెరిపేయకండి. ఆ ప్రశ్నార్థకాలే మీరు రేపు చదవాల్సిన లిస్టు.

తెలుగులో గీయాలా, ఇంగ్లీషులోనా?

మీరు ఏ భాషలో ఆలోచిస్తే ఆ భాషలో. ఇంగ్లీషు మీడియంలో చదివేవాళ్ళు టెక్నికల్ మాటలు ఇంగ్లీషులో పెట్టుకుని గీతల మీద తెలుగు రాసుకున్నా నాకేం అభ్యంతరం లేదు, చాలామందికి అదే బాగా కుదురుతుంది కూడా.

కానీ తెలుగులో గీసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. ఈ పద్ధతి ఇంగ్లీషు వాక్యానికి అనువుగా పుట్టింది. వాళ్ళ వాక్యంలో క్రియ మధ్యలో వస్తుంది కాబట్టి పెట్టె, గీత, పెట్టె అని వరసగా చదివితే వాక్యం అయిపోతుంది. మన క్రియ చివర్లో వస్తుంది. "కల్యాణి, కలుస్తుంది, స్వర్ణముఖి" (రెండూ మా దగ్గరి నదులు) అని చదివితే అది తెలుగులా ఉండదు, అందుకే పిల్లలు గీత మీద ఏం రాయాలో తోచక వదిలేస్తారు.

నేను చెప్పే ఉపాయం ఇది. ముందు రెండు పెట్టెలూ చదవండి, తర్వాత గీత చదవండి. అంటే గీత మీద మాట విభక్తితో మొదలై క్రియతో ముగియాలి. కల్యాణి, స్వర్ణముఖి, "లో కలుస్తుంది". వాన, చెరువు, "ని నింపుతుంది". క్వార్ట్‌జైట్, గ్రానైట్, "మీద పేరుకుంది". ఇప్పుడు చదవండి, మామూలు తెలుగు వాక్యమే. బాణం మొన రెండో పెట్టె వైపు ఉండాలి, అప్పుడే ఏది ముందు చదవాలో తెలుస్తుంది. నీరు, నీటి అని మారే మాటల దగ్గర కొంచెం తేడాగా అనిపిస్తుంది, చదివేటప్పుడు నోరు దానంతటదే సర్దుకుంటుంది.

దీంట్లో ఇంకో లాభం ఉంది. మన విభక్తులు సంబంధాన్ని చాలా కచ్చితంగా చెప్తాయి. "వల్ల" రాయాలా, "తర్వాత" రాయాలా అని ఆగిన క్షణంలోనే మీరు ఒక పెద్ద ప్రశ్న వేసుకున్నట్టు: ఇది దానికి కారణమా, లేక ఊరికే దాని వెనక వచ్చిందా? చరిత్ర చదివేవాళ్ళు సగం తప్పులు అక్కడే చేస్తారు.

సరే, మొదలెట్టేది ఎలా?

ముందు ఒక ప్రశ్న. టాపిక్ పేరు రాసుకుని కూర్చోకండి. "తిరుపతి నీళ్ళు" అని రాస్తే ఏది పెట్టాలో ఏది వదలాలో తెలీక కాగితం నిండిపోతుంది. "తిరుపతికి తాగునీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి, ఎప్పుడు కొరత పడుతుంది?" అని రాస్తే ప్రతి మాటకీ పరీక్ష ఉంటుంది, ఇది ఈ ప్రశ్నకి అవసరమా కాదా అని.

తర్వాత తోచిన మాటలన్నీ చిన్న చిన్న కాగితం ముక్కల మీద రాయండి, ముక్కకి ఒకటి. ఈ ప్రశ్నకి నా దగ్గర వచ్చే ముక్కలు ఇలా ఉంటాయి: కల్యాణి డ్యాం, స్వర్ణముఖి, ఈశాన్య రుతుపవనాలు, తెలుగుగంగ, శ్రీశైలం, సోమశిల, కండలేరు, బోర్లు, చెరువులు, యాత్రికులు, ఎండాకాలం, తిరుమల డ్యాములు. తిరుమల డ్యాములు అన్న ముక్క తర్వాత విడిపోతుంది: గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార.

ముక్కలని బల్ల మీద పరిచి జరపండి. పెద్ద విషయాలు పైకి, వాటి కింద చిన్నవి. ఇంకా గీతలు గీయకండి. ఈ జరపడంలోనే సగం ఆలోచన జరుగుతుంది, తొందరపడి గీతలు గీసేస్తే ఆ తర్వాత ముక్క కదలదు. ఎక్కడ పెట్టాలో తెలియని ముక్కని పక్కన ఉంచండి, పారేయకండి.

ఇప్పుడు గీతలు, మాటలతో. తెలుగుగంగ పథకంలో శ్రీశైలం నుంచి వచ్చే కృష్ణ నీళ్ళు సోమశిలకి, అక్కణ్ణించి కండలేరుకి, అక్కణ్ణించి చెన్నై వైపు కూడా వెళ్తాయి. అంటే తిరుపతికి ఆ నీళ్ళు రావడానికీ చెన్నై దాహానికీ మధ్య ఒక గీత ఉంది. మొదటిసారి ఈ గీత ఎవరూ గీయరు. కల్యాణి డ్యాం నిండాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వానలు పడాలి, ఇక్కడ ఈశాన్య రుతుపవనాలదే పెద్ద వాటా. అవే వానలు మరీ ఎక్కువైతే 2021 నవంబరులో జరిగినట్టు ఊరు మునుగుతుంది, స్వర్ణముఖి పొంగుతుంది. ఆ నెలలోనే రాయలచెరువు కట్టకి లీకేజీ వచ్చి చుట్టుపక్కల పల్లెల్ని ఖాళీ చేయించారు. కాబట్టి "కొరత", "వరద" అనే రెండు ముక్కలు మ్యాపులో రెండు చివర్లలో ఉన్నా, రెండిటి నుంచీ "చెరువులు" అనే ముక్కకి గీత వెళ్తుంది. ఇలా దూరంగా ఉన్న రెండిటిని కలిపే అడ్డగీతలు కనీసం మూడు దొరికే వరకు మ్యాపు పూర్తయిందని అనుకోకండి.

చివరగా, మళ్ళీ గీయండి. మొదటిసారి గీసింది చిత్తు. రెండోసారి గీసేటప్పుడు మీకే తెలుస్తుంది ఏది అనవసరమో.

ఎన్ని పెట్టెలుండాలి?

పదిహేను నుంచి పాతిక. అంతకంటే ఎక్కువైతే రెండు మ్యాపులు చేయండి. ఒకేసారి బుర్రలో పట్టేవి ఏడు, అటూ ఇటూ ఒకటి రెండు అని మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాసింది చాలా ప్రసిద్ధం, తర్వాతి పరిశోధనలు దాన్ని నాలుగు దాకా దించాయి. కాబట్టి ఒక పెట్టె కింద ఏడెనిమిది గీతలు దిగుతుంటే మధ్యలో ఒక మెట్టు లోపించిందని అర్థం.

మ్యాపులు గీస్తే నిజంగా మార్కులు పెరుగుతాయా?

ఎలా గీశారన్నదాన్ని బట్టి. ఇది చాలా నిజాయితీగా చెప్పాల్సిన జవాబు, ఎందుకంటే దీని గురించి ఎక్కువ చేసి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

2006లో నెస్బిట్, అడెసోప్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన 55 అధ్యయనాలని కలిపి చూసి, మ్యాపులతో చదివినవాళ్ళకి మొత్తం మీద మేలు జరిగిందని తేల్చారు. బాగానే ఉంది. కానీ 2011లో పర్డ్యూ యూనివర్సిటీకి చెందిన కార్పికే, బ్లంట్ సైన్స్ పత్రికలో ఇంకో ప్రయోగం ప్రచురించారు. కొంతమంది విద్యార్థులు పాఠం ఎదురుగా పెట్టుకుని కాన్సెప్ట్ మ్యాపు గీశారు. ఇంకొంతమంది పాఠం చదివి, పక్కన పెట్టేసి, గుర్తున్నదంతా రాశారు, మళ్ళీ చదివి మళ్ళీ రాశారు. వారం తర్వాత పరీక్ష పెడితే రెండో గుంపుదే పైచేయి. పరీక్షలో కాన్సెప్ట్ మ్యాపే గీయమన్నప్పుడు కూడా వాళ్ళే బాగా చేశారు.

ఇది చదివినప్పుడు నేను చాలా రోజులు మథనపడ్డాను, అప్పటిదాకా పిల్లలతో పుస్తకం తెరిచిపెట్టి గీయించిందంతా నేనే కాబట్టి. ఆ ఇద్దరే 2014లో ఇంకో ప్రయోగం చేశారు. ఈసారి పుస్తకం మూసేసి, గుర్తు తెచ్చుకుంటూ మ్యాపు గీయించారు. అప్పుడు అది కూడా పేరాలుగా గుర్తు తెచ్చుకుని రాసినంత బాగా పనిచేసింది. అంటే తేడా మ్యాపులో లేదు, పుస్తకం మూసి ఉందా తెరిచి ఉందా అన్నదాంట్లో ఉంది.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. పాఠం చదవండి, పుస్తకం మూయండి, నల్ల పెన్నుతో గుర్తున్నంత వరకు మ్యాపు గీయండి. పుస్తకం తెరిచి, మర్చిపోయినవీ తప్పు పోయినవీ ఎర్ర పెన్నుతో సరిచేయండి. రెండు మూడు రోజుల తర్వాత కొత్త కాగితం మీద మళ్ళీ. ఎరుపు తగ్గుతూ వస్తుంటే చదువు సాగుతున్నట్టు.

"ఇదంతా గీస్తా కూచుంటే సదివేది ఎప్పుడక్కా?"

ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. మొత్తం సిలబస్‌కి గీయొద్దు. మీకు అస్తమానం గజిబిజిగా ఉండే పాఠాలు, ఒకదానితో ఒకటి ముడిపడినవి మాత్రమే ఎంచుకోండి. రాజధానుల పేర్లు, తేదీల పట్టికలు వల్లె వేసుకోవాల్సినవే, వాటికి మ్యాపు దండగ. లెక్కలు చేస్తేనే వస్తాయి.

చరిత్రకి మ్యాపు పనికొస్తుందా? అక్కడ కాలక్రమం కదా ముఖ్యం?

ఎడమ నుంచి కుడికి కాలం నడిచేలా పెట్టుకుని దాని మీదే కాన్సెప్ట్ మ్యాపు గీయొచ్చు. చంద్రగిరి కోట మనకి పక్కనే ఉంది కాబట్టి దాంతోనే మొదలుపెట్టిస్తాను. 1565లో తళ్ళికోట యుద్ధం, విజయనగరం పతనం, రాజధాని పెనుకొండకి మారడం, తర్వాత చంద్రగిరికి. 1639లో ఆ రాజుల కింద ఉన్న దామెర్ల వెంకటప్ప నాయకుడు మద్రాసు దగ్గర స్థలాన్ని ఈస్టిండియా కంపెనీకి చెందిన ఫ్రాన్సిస్ డేకి ఇవ్వడం, అక్కడ సెయింట్ జార్జి కోట లేవడం. ఇవి సిలబస్‌లో రెండు వేరు వేరు యూనిట్లలో ఉంటాయి, ఒకటి మధ్యయుగం, ఒకటి ఆధునికం. చంద్రగిరి పెట్టె నుంచి మద్రాసు పెట్టెకి గీత గీసిన రోజున ఒక అమ్మాయి, "నేను రోజూ ఆ కోట ముందు నుంచే బస్సులో వస్తాను" అని అలాగే కాగితం చూస్తూ ఉండిపోయింది.

చదువు కాకుండా ఇంటి విషయాలకి, వ్యవసాయానికి ఉపయోగపడుతుందా?

చాలా. బంగారుపాళెం వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి వాళ్ళ మామిడి తోట గురించి గీసిన మ్యాపు నేను ఇంకా దాచుకున్నాను. చిత్తూరు ప్రాంతపు తోతాపురిలో ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీలకే వెళ్తుంది, కాబట్టి వాళ్ళు కొనకపోతే కాయ రోడ్డు మీద ఉన్నట్టే. 2025 సీజనులో ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఇంట్లో రోజూ అదే గొడవ, నాన్న ఒకటంటే చిన్నాన్న ఇంకొకటి అనేవాడట.

అతను గీసింది కారణాల మ్యాపు. ప్రతి బాణం మీద కూడిక గుర్తో తీసివేత గుర్తో ఉంటుంది. ఇది పెరిగితే అది పెరుగుతుందా, తగ్గుతుందా అని. దిగుబడి పెరిగితే ధర తగ్గుతుంది, తీసివేత. ఫ్యాక్టరీలో పాత గుజ్జు నిల్వ పెరిగితే కొత్త కాయ కొనుగోలు తగ్గుతుంది, మళ్ళీ తీసివేత. ధర బాగుంటే కొత్తగా తోటలు పెట్టేవాళ్ళు పెరుగుతారు, కూడిక. ఇక్కడే అతను ఆగిపోయాడు. మొక్క కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి ఈ బాణం చాలా ఆలస్యంగా తిరిగొచ్చి దిగుబడి పెట్టెకే తగులుతుంది. బాణాలు తిరిగి మొదటికే వచ్చాయి, చక్రంలా. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జే ఫారెస్టర్ 1950లలో మొదలుపెట్టిన సిస్టమ్ డైనమిక్స్ (వ్యవస్థలు కాలంతో ఎలా మారతాయో చూసే పద్ధతి)లో ఇలాంటి చక్రాలదే ప్రధాన పాత్ర. ఆ అబ్బాయి ఆ పేరు అప్పటికి వినలేదు, మ్యాపు గీస్తూ తనే అక్కడికి చేరాడు. ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తే వాళ్ళ నాన్న పెన్ను తీసుకుని ఒక పెట్టె కలిపాడట: "కూలీ, కోత ఖర్చు". ధర ఎంత పడితే కాయ కోయకుండా వదిలేయడమే నయమో ఆయనకి తెలుసు.

ఒకే సమస్యకి కారణాలు వెతికేటప్పుడు చేప ముల్లు బొమ్మ (తల దగ్గర సమస్య, ముళ్ళలా కారణాలు) కూడా మంచిదే, జపాన్‌కి చెందిన కౌరు ఇషికావా పేరుతో అది ప్రసిద్ధం. నలుగురు కూర్చుని ఆలోచించాల్సి వస్తే జిరో కవాకితా పద్ధతి చూడండి. ఎవరికి తోచింది వాళ్ళు చీటీల మీద రాసి, మాట్లాడకుండా దగ్గరివి దగ్గరికి జరిపి, గుంపులకి తర్వాత పేర్లు పెడతారు. గట్టిగా మాట్లాడేవాళ్ళదే మాట నెగ్గే కుటుంబాల్లో ఇది ఒకసారి చేసి చూడమని చెప్తాను.

రంగులు, బొమ్మలు తప్పనిసరా?

మాటతో పాటు బొమ్మ ఉంటే జ్ఞాపకానికి రెండు దారులుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ పైవియో 1971 నాటికే వివరించారు, కాబట్టి చిన్న బొమ్మలు వేయండి, అందంగా లేకపోయినా ఫర్వాలేదు. రంగు మాత్రం కలంకారీలో లాగా ఏదో ఒకటి చెప్పాలి. కారణాలకి ఒకటి, ఉదాహరణలకి ఒకటి. బాగుందని ఏడు రంగులు వాడితే కన్ను ఎక్కడ ఆగాలో తెలీదు.

ఏ యాప్ మంచిది?

మొదటి నెల కాగితం. పాత క్యాలెండర్ షీట్ల వెనకవైపు చాలా బాగుంటుంది, పెద్దదిగా, మందంగా. దేవుడి బొమ్మ ఉన్నవి వదిలేయండి, మా ఇంట్లో వాటి మీద రాయరు.

ఆ తర్వాత కంప్యూటర్ కావాలంటే కాన్సెప్ట్ మ్యాపులకి సీమ్యాప్ టూల్స్, అది నోవాక్‌తో కలిసి పనిచేసిన ఫ్లోరిడా సంస్థ తయారు చేసింది, ఉచితం, గీత మీద మాట రాయమని అదే అడుగుతుంది. మైండ్ మ్యాపులకి ఫ్రీప్లేన్, అదీ ఉచితమే. తెలుగులో గీస్తే పీడీఎఫ్‌గా మార్చాక ఒత్తులు విడిపోయాయేమో ఒకసారి చూసుకోండి.

ఏఐని అడిగి గీయించుకోవచ్చా?

మీరు గీశాక చూపించి "ఇందులో ఏ గీత తప్పు, ఏది లోపించింది?" అని అడగండి, చెప్పినదాన్ని పుస్తకంతో సరిచూసుకోండి. ముందే గీయించుకుంటే ఆ మ్యాపు చదవడానికి బాగుంటుంది, అంతే. గీత మీద ఏ మాట రాయాలా అని తడుముకున్న ఆ రెండు నిమిషాలు మీకు దక్కవు.

చూపు సరిగా లేని పిల్లలకి ఇది ఎలా?

గీత మీద మాట ఉంటే ప్రతి రెండు పెట్టెలూ ఒక వాక్యం అవుతాయి, కాబట్టి కాన్సెప్ట్ మ్యాపుని వాక్యాల లిస్టుగా చదివి వినిపించవచ్చు. అట్ట ముక్కలు, దారంతో బల్ల మీద అమర్చి చేతితో తడిమి చూసేలా కూడా చేయొచ్చు. ఒక విద్యార్థితో చేశాను. అతను ముడులు లెక్కపెట్టి ఏ ముక్కకి ఎక్కువ సంబంధాలున్నాయో మాకంటే ముందే చెప్పాడు.

టీచర్లు ఎక్కువగా చేసే తప్పేమిటి?

తయారు చేసిన మ్యాపుని బోర్డు మీద గీసి కాపీ చేసుకోమనడం. నేను పనిచేసిన ఒక కాలేజీలో ప్రతి పాఠానికీ రంగు రంగుల మ్యాపులు ప్రింటు తీసి పంచాలని పట్టుబట్టారు, పంచాం. పరీక్షలో పిల్లలు ఆ మ్యాపుని ఉన్నదున్నట్టు దించేశారు, ఒక పెట్టె గురించి మాటల్లో చెప్పమంటే చెప్పలేకపోయారు. నాకు చాలా బాధేసింది. ఇవ్వాలనుకుంటే సగం ఇవ్వండి: పెట్టెలు మీవి, గీతలు వాళ్ళవి. లేదా తప్పు గీత ఒకటి కావాలని పెట్టి పట్టుకోమనండి.

పాత మ్యాపులు దాచుకోవాలా?

తేదీ వేసి దాచండి. నా దగ్గర స్వర్ణముఖి మీద నేనే గీసిన రెండు మ్యాపులున్నాయి. 2019లో గీసినదాంట్లో నది ఒక మూల పెట్టెలో ఉంది, దానికి ఒకటే గీత, దాని మీద "ఎండిపోయింది" అని. 2021 డిసెంబరులో, వరదలు తగ్గాక గీసినదాంట్లో అదే నది కాగితం మధ్యలోకి వచ్చింది, పదకొండు గీతలున్నాయి, వాటిలో మూడిటి మీద ఇప్పటికీ ప్రశ్నార్థకమే ఉంది.